ఇంటి స్లాబుకు, రేకుల షెడ్డుకు ఇన్సులేషన్: కాంట్రాక్టర్‌ను ఎంచుకోవడం నుంచి చివరి బిల్లు దాకా

మే నెలలో రాత్రి పదింటికి కూడా మేడ గదిలో స్లాబు కింద చెయ్యి పెడితే సెగ తగులుతుంది. ఫ్యాన్ వేస్తే ఆ సెగే మంచం మీదికి దిగుతుంది. మాది ఖమ్మం. రెండు వేసవులు అలా గడిపాక మా స్లాబుకు ఇన్సులేషన్, అంటే వేడి లోపలికి దిగకుండా అడ్డు పొర, చేయించాం. మరుసటి ఏడు సత్తుపల్లి దగ్గర మా బాబాయి గేదెల షెడ్డుకూ చేయించాం. మొదటి పనిలో చాలా విషయాలు తెలియక డబ్బు పోగొట్టుకున్నాం. రెండోసారి కొలతలు, కాగితాలు చేతిలో పెట్టుకుని మాట్లాడాం కాబట్టి పని కుదురుగా జరిగింది. ఆ రెండు అనుభవాల నుంచి రాస్తున్నది ఇది.

ముందే చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. వేడి ఎటు నుంచి వస్తోందో మీకు తెలియకుండా కాంట్రాక్టర్‌ను పిలవకండి. తెలియకపోతే మీ ఇంటికి కావాల్సినది కాకుండా ఆయన దగ్గర ఉన్నది కొంటారు.

1. ముందు వేడిని కొలవండి

దూరం నుంచి గురిపెడితే ఉష్ణోగ్రత చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. జ్వరం చూసేది కాదు, యంత్రాలకు వాడేది తీసుకోండి. ఎండ బాగా ఉన్న మూడు రోజులు మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఐదింటికి, రాత్రి తొమ్మిదింటికి స్లాబు అడుగు, పడమటి గోడ, తూర్పు గోడ, నేల ఎంతెంత ఉన్నాయో కాగితం మీద రాయండి. గది మధ్యలో మామూలు థర్మామీటర్ ఒకటి వేలాడదీసి గాలి ఉష్ణోగ్రత కూడా రాయండి. ఈ కాగితం దాచుకోండి. పని అయ్యాక ఇదే మీకు సాక్ష్యం.

స్లాబు అన్నిటికంటే వేడిగా ఉంటే పని పైకప్పు మీద చేయాలి. పడమటి గోడ కూడా దాదాపు అంతే ఉంటే పైన ఎంత ఖర్చు పెట్టినా సాయంత్రం ఉక్క పోదు. ఆ గోడకు నీడ కావాలి. సజ్జ పెంచడమో, గ్రీన్ నెట్ కట్టడమో, చెట్టు నాటడమో ఇన్సులేషన్ కంటే చవక.

కాంక్రీటు, రేకు ఒకేలా వేడెక్కవు. ఐదంగుళాల స్లాబు పగలంతా ఎండను తాగి, పొద్దుగూకాక మెల్లగా గదిలోకి వదులుతుంది. అందుకే పగటి కంటే రాత్రి ఎక్కువ బాధ. రేకు నిమిషాల్లో కాలిపోతుంది, ఎండ పోగానే చల్లబడుతుంది. కాబట్టి స్లాబుకు వేడి ఎక్కకుండా పైనే ఆపాలి. రేకుకు మాత్రం కింద ఉన్న మనిషి మీదికో, పశువు మీదికో సెగ పడకుండా ఆపితే చాలావరకు సరిపోతుంది. రెంటికీ ఒకే మందు అమ్మేవాళ్లను నమ్మకండి.

రాయలసీమలో చౌడు మట్టి పరిచిన మిద్దెలు, కోస్తాలో తాటాకు ఇళ్లు ఎందుకు చల్లగా ఉండేవో మనందరికీ తెలుసు. మందమైన మట్టి, లోపల గాలి నిలిచే ఆకు పొరలు. ఇప్పుడు బోర్డులతో చేసేది కూడా ఆ పనే, తక్కువ మందంలో.

2. మీకు ఏ పని కావాలో తేల్చుకోండి

స్లాబు ఇంటికి అన్నిటికంటే తక్కువ ఖర్చుతో అయ్యేది తెల్ల పూత. సున్నంలో బంక కలిపి కొట్టినా తేడా తెలుస్తుంది. కాకపోతే వానలకు కొట్టుకుపోతుంది, ఏటా వేయాలి. కూల్ రూఫ్ పెయింట్ కొనేటప్పుడు ఎస్ఆర్‌ఐ ఎంతో అడగండి. ఎండను ఎంత వెనక్కి కొడుతుందో, వేడిని ఎంత త్వరగా వదిలేస్తుందో కలిపి చెప్పే అంకె అది. సాధారణంగా 78కి తగ్గకూడదని చూస్తారు. తెలంగాణలో 2023లో వచ్చిన కూల్ రూఫ్ విధానం ప్రకారం 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు చల్లని పైకప్పు తప్పనిసరి. అంతకంటే చిన్న ఇళ్లకు మన ఇష్టం. కొత్తగా కడుతున్నవాళ్లు ప్లాన్ వేసేటప్పుడే ఇంజినీర్‌తో ఈ సంగతి మాట్లాడండి.

తెల్ల పూత మీద దుమ్ము పేరుకుంటే పనితనం తగ్గుతుంది. ఏటా ఉగాది ముందు మేడ కడగాలి.

పూత చాలదనుకుంటే స్లాబు మీద ఇన్సులేషన్ బోర్డు పరిపించాలి. నా లెక్కలో మన ఎండలకు సరైన పని ఇదే. ముందు వాటర్‌ప్రూఫింగ్, దాని మీద 50 ఎంఎం ఎక్స్‌పీఎస్ బోర్డు (థర్మాకోల్ జాతిదే, ఇంకా గట్టిగా ఉంటుంది), పైన ఒక గుడ్డ పొర, ఆపైన వాలు పెట్టిన పలచని కాంక్రీటు, చివర తెల్ల టైల్స్. కేంద్ర ప్రభుత్వం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే ఇళ్ల ఇంధన పొదుపు నియమావళి ప్రకారం ఇంటి పైకప్పు యూ వాల్యూ 1.2 మించకూడదు. బయటికీ లోపలికీ ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరు కప్పు నుంచి ఎన్ని వాట్ల వేడి దిగుతుందో చెప్పే అంకె ఇది. తక్కువ ఉంటే మంచిది. ఉత్త స్లాబుకు ఇది మూడు పైనే ఉంటుంది. 50 ఎంఎం ఎక్స్‌పీఎస్ వేస్తే సుమారు 0.5కి వస్తుంది. బోర్డు మందం మీద బేరం ఆడొద్దని చెప్పేది ఇందుకే.

దీనికి బరువు ఉంటుంది. రెండంగుళాల కాంక్రీటు ఒక చదరపు అడుగుకు దాదాపు 11 కిలోలు. వెయ్యి అడుగుల మేడకు 11 టన్నులన్న మాట. ఇల్లు పాతదైతే, స్లాబు పెచ్చులూడి ఇనుము కనిపిస్తుంటే, ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌కు చూపించండి. ఆయనకు ఇచ్చే ఫీజు గురించి ఆలోచించకండి. ఆ బరువు కింద పడుకునేది మన పిల్లలే.

స్లాబు అడుగున ఫాల్స్ సీలింగ్ కట్టి, పైన గ్లాస్‌వూల్ (గాజు నారతో చేసిన దూది) పరచడం మరో పద్ధతి. అద్దె ఇంట్లోనో, పైన వేరేవాళ్ల వాటా ఉన్న ఫ్లాట్‌లోనో అదొక్కటే దారి. గదికి సెగ తగ్గుతుంది, కానీ స్లాబు మాత్రం ఎండకు కాగుతూనే ఉంటుంది.

ఇక షెడ్ల సంగతి. లోపల ఏముంటుందో దాన్ని బట్టి పని మారుతుంది.

గేదెల షెడ్డుకు రేకు కింద అల్యూమినియం బబుల్ షీటు ఎక్కువగా వేస్తున్నారు. అది పనిచేసేది మెరిసే వైపు ఎదురుగా కనీసం ఒక అంగుళం ఖాళీ గాలి ఉన్నప్పుడే. రేకుకు అతికించినట్టు బిగించి, కింద మరో షీటు కొట్టేస్తే దాని వల్ల ఒరిగేది చాలా తక్కువ. మెరిసే వైపు కిందికి ఉంటే దుమ్ము కూర్చోదు, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. రోజూ పైపుతో కడిగే షెడ్డులో గ్లాస్‌వూల్ బయటికి కనిపించేలా వేయొద్దు. తడి పీల్చి బరువెక్కి జారిపోతుంది. తడిసిన దూది వేడిని ఆపదు.

కోళ్ల షెడ్డుకు కప్పుతో పాటు దిక్కు ముఖ్యం. పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ పక్కల నుంచి తక్కువ పడుతుంది. అలా లేని షెడ్డుకు కప్పు మీద పెట్టే ఖర్చులో కొంత పడమటి పరదాలకు మళ్లించండి. కప్పు మీద వరిగడ్డి పరిచి తడపడం ఇప్పటికీ మంచి పద్ధతే, నిప్పు భయం ఒక్కటి చూసుకోవాలి.

హిందూపురం, మదనపల్లె వైపు పట్టుపురుగులు పెంచే గదులకు లెక్క వేరు. పెద్ద పురుగులకు 24 నుంచి 26 డిగ్రీలు, గాలిలో 70 శాతం దాకా తేమ కావాలి. అక్కడ పఫ్ ప్యానెల్‌కు (రెండు రేకుల మధ్య గట్టి నురుగు నింపిన పలక) పెట్టిన డబ్బు పంటలో తిరిగి వస్తుంది. ఉల్లిగడ్డ నిల్వచేసే గోదాంకు మాత్రం గాలి ఆడటమే ప్రాణం. ఇన్సులేషన్ పేరుతో పక్కలు మూసేస్తే గడ్డ కుళ్లిపోతుంది. మోటారు గదికి తెల్ల పూత, ఎదురెదురుగా రెండు కిటికీలు చాలు.

3. ఎవరిని పిలవాలి

ఊళ్లో ఈ పని మూడు రకాల వాళ్లు చేస్తారు. వాటర్‌ప్రూఫింగ్ వాళ్లకు స్లాబు సంగతి తెలుసు. షెడ్లు కట్టే ఫ్యాబ్రికేటర్లకు రేకు, దాన్ని మోసే అడ్డ కమ్ముల (పర్లిన్ల) సంగతి తెలుసు. ఫాల్స్ సీలింగ్ వాళ్లకు లోపలి పని తెలుసు. ముగ్గురూ "అన్నీ చేస్తాం" అనే అంటారు. స్లాబుకు మొదటి రకాన్ని, షెడ్డుకు రెండో రకాన్ని పిలవండి.

నంబర్ల కోసం ఆన్‌లైన్ ప్రకటనల కంటే మీ దగ్గర్లోని కోల్డ్ స్టోరేజీలు, పెద్ద కోళ్ల ఫారాలు, పాల శీతలీకరణ కేంద్రాల దగ్గర అడగండి. ఇన్సులేషన్ పాడైతే వాళ్లకు రోజూ కరెంటు బిల్లులో నష్టం తెలుస్తుంది. అందుకే పనిమంతులెవరో వాళ్లకు తెలుసు. కనీసం ముగ్గురిని పిలిచి, ఒక్కొక్కరు రెండేళ్ల కిందట చేసిన పని చూపించమనండి. నిన్న మొన్న చేసిన పని కొత్తగానే ఉంటుంది, దాన్ని చూసి ఏమీ తెలియదు. మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. ఇంటివాళ్లను పక్కకు పిలిచి రెండే అడగండి: మొదటి వానకు కారిందా? కారితే ఫోన్ ఎత్తాడా?

కాలం కూడా చూసుకోవాలి. ఏప్రిల్ వచ్చిందంటే కాంట్రాక్టర్ దొరకడు, దొరికినా రెండు చోట్ల పని ఒప్పుకుని మన దగ్గర కూలీలను తగ్గిస్తాడు. వానాకాలంలో వాటర్‌ప్రూఫింగ్ ఆరదు. సంక్రాంతికి, ఉగాదికి మధ్య ఉన్న రోజులు అన్నిటికీ అనువు.

4. ఇంటికి వచ్చినప్పుడు గమనించాల్సినవి

మంచి కాంట్రాక్టర్ వచ్చీ రాగానే మేడ ఎక్కుతాడు. నీళ్లు ఎటు పోతున్నాయో, పిట్టగోడ మూలల్లో పగుళ్లు ఉన్నాయో చూస్తాడు. షెడ్డు అయితే రేకుల బోల్టులు, తుప్పు చూస్తాడు. హాల్లో కూర్చుని "ఎన్ని అడుగులు సార్?" అని అడిగి ధర చెప్పేవాడిని టీ ఇచ్చి పంపేయండి.

"మాది వేస్తే 15 డిగ్రీలు తగ్గుతుంది" అనే మాట దాదాపు అందరూ అంటారు. ఎక్కడ తగ్గుతుందో అడగండి. ఎండలో ఉన్న కప్పు ఉపరితలం మీద అంత తేడా రావచ్చు. గదిలో గాలి అంత తగ్గదు. గోడలు, కిటికీలు, వంటిల్లు అన్నీ వేడినిస్తూనే ఉంటాయి. ఈ రెంటికీ తేడా చెప్పగలిగిన మనిషి మీకు నిజం చెబుతున్నాడు.

రేకు కింద వేసే వాటికి నిప్పు విషయం గట్టిగా అడగాలి. థర్మాకోల్, పఫ్ అంటుకుంటే దట్టమైన విషపు పొగ వస్తుంది. నిప్పును అంత త్వరగా అందుకోని ఎఫ్ఆర్ గ్రేడ్ అని కొటేషన్‌లో రాయించండి. మా బాబాయి షెడ్డులో దాణా ఉడికించే పొయ్యి ఒక మూల ఉండేది. దాన్ని బయటికి మార్చాకే పని మొదలుపెట్టించాం.

5. కొటేషన్‌లో ఏమేం ఉండాలి

మా ఇంటి మొదటి కొటేషన్ ఒక్క వాక్యం: "హీట్ ప్రూఫింగ్, చదరపు అడుగుకు ఇంత." అది పట్టుకుని పని ఒప్పుకున్నాం. నోటితో 50 ఎంఎం అన్నవాడు 40 ఎంఎం బోర్డు దించాడు. అడిగితే మార్కెట్లో అదే దొరుకుతోందన్నాడు. కాగితం మీద ఏమీ లేదు కాబట్టి వాదించలేకపోయాం.

కాబట్టి బోర్డు రకం, కంపెనీ పేరు, మందం, డెన్సిటీ (ఘనపు మీటరుకు ఎన్ని కిలోలో), ఎన్ని పొరలు, పైన వేసే కాంక్రీటు మందం, ఎటు వాలు, ఇవన్నీ రాయాలి. వాటర్‌ప్రూఫింగ్ ఏ రకం, ఎన్ని పూతలు, పిట్టగోడ మీదికి ఎంత ఎత్తు వేస్తారో రాయాలి. ఐఎస్ నంబర్ (సరుకుకు భారత ప్రమాణం సంఖ్య) కూడా రాయించండి. థర్మాకోల్‌కు ఐఎస్ 4671, పఫ్ బోర్డులకు ఐఎస్ 12436, గ్లాస్‌వూల్‌కు, రాతి నారతో చేసే రాక్‌వూల్‌కు ఐఎస్ 8183. ఈ అంకెలు అడిగేసరికి మనం తెలిసే మాట్లాడుతున్నామని అవతలివాళ్లకు అర్థమవుతుంది.

కొలత ఎలా వేస్తారన్నది చాలామంది అడగరు. రేకు అలల వెంట కొలిస్తే ఒక లెక్క, తాడు అడ్డంగా లాగి కొలిస్తే ఇంకో లెక్క. షీటు మీద షీటు ఎక్కే అంచులు, పిట్టగోడ మీదికి ఎక్కిన వాటర్‌ప్రూఫింగ్ బిల్లులో కలుపుతారా? జీఎస్టీ లోపలా, బయటా? పాత గచ్చు తవ్వితే ఆ చెత్త ఎవరు దించాలి, ఎక్కడికి తోలాలి? నీళ్లు, కరెంటు ఎవరివి? చివర్లో గొడవలన్నీ వీటి దగ్గరే వస్తాయి.

సోలార్ పెట్టించుకునే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పండి. ప్యానెళ్ల కాళ్లకు కాంక్రీటు దిమ్మెలు ముందే కట్టి, వాటి చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ చేయాలి. తర్వాత డ్రిల్లు పెడితే పెట్టిన ఖర్చంతా ఆ రంధ్రంలోంచి కారిపోతుంది. డిష్ గొడుగుకూ, ట్యాంకు స్టాండుకూ ఇదే మాట.

గ్యారంటీ అంటే ఎవరిది? సరుకు కంపెనీదా, పని చేసినవాడిదా? కంపెనీ కాగితం సరుకు చెడిపోతేనే పనికొస్తుంది. పని సరిగా చేయకపోతే కాంట్రాక్టర్ సొంత కాగితం కావాలి. ఎన్నేళ్లు, ఏం జరిగితే ఏం చేస్తాడు, ఎన్ని రోజుల్లో వస్తాడు అన్నవి అందులో ఉండాలి.

6. సరుకు దిగిన రోజు

ఆ రోజు మీరు గానీ ఇంట్లో నమ్మకమైన మనిషి గానీ ఉండాలి. టేపు పెట్టి మందం కొలవండి. తర్వాత ఒక బోర్డులోంచి 30 సెంటీమీటర్లు పొడవు, 30 సెంటీమీటర్లు వెడల్పు ముక్క కోయించి వంటింటి డిజిటల్ తూకం మీద పెట్టండి. 50 ఎంఎం మందం, 32 డెన్సిటీ అయితే ఆ ముక్క 144 గ్రాములు తూగాలి. 70 గ్రాముల దగ్గర ఆగిందంటే సగం డెన్సిటీ సరుకు అంటగట్టారన్న మాట. గ్లాస్‌వూల్ చుట్టలకూ ఇలాగే: 50 ఎంఎం, 24 డెన్సిటీ అయితే చదరపు మీటరుకు 1.2 కిలోలు.

ఈ ఒక్క తూకం మా బాబాయి పనిలో మమ్మల్ని కాపాడింది. షెడ్డు పక్కన మేత గదికి తెచ్చిన బోర్డులు తూకంలో తేలిపోయాయి, లారీ అలాగే వెనక్కి తిప్పించాం.

బోర్డులు ఎండలో పడేయనివ్వకండి. రోజుల తరబడి ఎండ తగిలితే పైపొర పసుపెక్కి పొడిపొడిగా రాలుతుంది.

7. పని జరుగుతున్నప్పుడు

స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక గొట్టాలు మూసి 48 గంటలు నీళ్లు నిలబెట్టాలి. కింద ఎక్కడా చెమ్మ రాకపోతేనే బోర్డులు. ఈ పరీక్ష వద్దనేవాళ్లతో పని ఆపేయండి. బోర్డులు, కాంక్రీటు, టైల్స్ అన్నీ వేశాక కారితే ఎక్కడ కారుతోందో ఎవరికీ దొరకదు.

బోర్డులు ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. అతుకులు ఇటుక గోడలో లాగా ఒక వరుసకు ఇంకో వరుస తప్పించి రావాలి. సందు ఉన్న చోట వేడి సందులోంచే దిగుతుంది. థర్మాకోల్, ఎక్స్‌పీఎస్ మీద గ్యాస్ మంటతో అతికించే తారు షీటు వేయకూడదు, బోర్డు కరుగుతుంది. థిన్నర్ కలిసిన జిగురు కూడా వాటిని తినేస్తుంది.

షెడ్డులో ఎలుకలను మరిచిపోకండి. థర్మాకోల్‌లో అవి గూడు పెడతాయి. అంచులన్నీ రేకు పట్టీతో మూయించి, గ్లాస్‌వూల్ కింద సన్న జాలి కొట్టించండి. ఇన్సులేషన్‌లోంచి కరెంటు వైరు పోతే దాన్ని పైపులోంచే తీయించండి.

కూలీల భద్రత మన బాధ్యత కూడా. సిమెంటు రేకు మీద మనిషి నేరుగా నడిస్తే విరిగి కింద పడతాడు. పర్లిన్ల మీదుగా పలకలు వేసి నడవాలి, నడుముకు బెల్టు ఉండాలి. పల్లెల్లో షెడ్ల మీదుగా కరెంటు తీగలు పోతుంటాయి. పొడవాటి రేకు ఎత్తేటప్పుడు తగిలితే ప్రాణమే పోతుంది. లైన్‌మన్‌తో మాట్లాడి ఆ గంటసేపు సరఫరా ఆపించండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. కోసినా, రంధ్రం పెట్టినా లేచే దుమ్ము క్యాన్సర్ తెస్తుంది. వీలైనంత వరకు వాటిని ముట్టకుండా కిందనే వేరే ఫ్రేము కట్టించండి. తప్పనిసరైతే తడుపుతూ, మాస్కులతో, పశువులనూ పిల్లలనూ దూరంగా ఉంచి చేయించండి. కూలీలకు ప్రమాద బీమా ఉందా అని కాంట్రాక్టర్‌ను మొదటి రోజే అడగండి.

8. డబ్బు, చివరి పరీక్ష

అడ్వాన్సు మొత్తంలో పావు వంతు మించనీయకండి. సరుకు దిగి, తూకం సరిపోయాక కొంత. నీళ్ల పరీక్ష నెగ్గాక కొంత. పని పూర్తయ్యాక ఇంకొంత. చివరి పది శాతం మొదటి పెద్ద వాన దాకా మన దగ్గరే ఉండాలి. ఈ మాట ఒప్పందంలో ముందే రాస్తే ఎవరూ కాదనరు. పని అయ్యాక చెబితే అందరూ కోపగించుకుంటారు. చెల్లింపులన్నీ బ్యాంకు ద్వారా చేసి, బిల్లు తీసుకోండి.

పని అయ్యాక మొదటి కాగితం బయటికి తీసి, అదే వేళల్లో, అవే చోట్ల మళ్లీ కొలవండి. ఎండ అలాగే ఉన్న రోజు చూసుకోవాలి. ఒక జాగ్రత్త: మెరిసే అల్యూమినియం మీద థర్మామీటర్ గన్ తప్పు చూపిస్తుంది, ఉన్నదానికంటే చల్లగా కనిపిస్తుంది. దాని మీద నల్ల ఎలక్ట్రికల్ టేపు ముక్క అంటించి, కాసేపు ఆగి, టేపు మీద కొలవండి. స్లాబు గదిలో రాత్రి తొమ్మిది గంటల అంకె చూడండి. అది బాగా దిగితే పని ఫలించింది. పగటి అంకె మాత్రమే తగ్గి రాత్రిది తగ్గకపోతే పడమటి గోడ దగ్గరికి మళ్లీ వెళ్లాలి.

కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడం మానేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొటేషన్, బిల్లు, బ్యాంకు చెల్లింపులు, కొలతల కాగితాలు, ఫోన్‌లో తీసిన ఫొటోలు ఒకే కవర్లో పెట్టుకోండి. మా కవర్ బీరువాలో ఇంటి పన్ను రసీదుల పక్కనే ఉంటుంది. బాబాయి మేత గది స్లాబుకు మొదటి వానకు నైరుతి మూల చెమ్మ వచ్చినప్పుడు ఆ పని చేసిన కాంట్రాక్టర్‌కు ఆ కవర్లోని నీళ్ల పరీక్ష ఫొటో పంపించాం. మర్నాడు పొద్దున్నే వచ్చి, గొట్టం చుట్టూ పగులు తవ్వి సరిచేసి, మళ్లీ నీళ్లు నిలబెట్టి చూపించాడు. అప్పుడు ఆ పది శాతం ఇచ్చాం.